మజ్జిగ కోసం వచ్చినవాళ్లు

నా భార్య చేయని తప్పును పన్నెండేళ్లకు పైగా ఆమె పేరు మీదే ఉండనిచ్చాను. ఆమె బతికి ఉండగా తీసేయలేదు. పోయిన ఏడు ఆమె సమాధి దగ్గర నిలబడి కూడా తీసేయలేదు. ఈ బరువు మోయలేక రాస్తున్నానంటే అది కూడా అబద్ధమే అవుతుంది. మోయడం నాకు అలవాటైపోయింది. అలవాటైపోయిందని తెలిసినప్పుడే భయం వేసింది.

మీరెవరో నాకు తెలియదు. అది నాకు మేలే. ఆదివారం చర్చిలో అందరం ఒకే గొంతుతో పాపాలు ఒప్పుకుంటాం. ఆ మాటలు అందరికీ సరిపోతాయి. అందుకే నా సొంత మాట ఎన్నడూ బయటికి రాలేదు. ఇక్కడ ఒక్కణ్ణే ఉన్నాను. రాస్తుంటే ఊపిరి సులువుగా ఆడుతోంది. అదీ దాచను.

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు తాండూరులో స్టేషను దారిలో మందుల దుకాణం పెట్టాను. అంతకుముందు వికారాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కంపౌండరును. సీసాలో మందు కలిపి, మోతాదుల గీతలున్న కాగితం సీసాకు అంటించి, మూడు పూటలా తాగమని చెప్పి పంపేవాణ్ణి. సీసా ఇంటికి పోయాక ఏమవుతుందో ఎవరూ అడిగేవారు కాదు. నా దుకాణంలో నేను అడగాలనుకున్నాను. బెంచీ వేశాను. రోగిని కూర్చోబెట్టి, నేను చెప్పింది తిరిగి నాకే చెప్పమనేవాణ్ణి. మందు అమ్మితే నా పని అయిపోదని, అది మనిషి కడుపులోకి పోయినప్పుడే అయిపోతుందని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. ఆ నమ్మకంలో తప్పు లేదు. తప్పు దాని పక్కన పెరిగింది.

అనంతగిరి కొండ మీద క్షయకు వైద్యం చేయించుకుని దిగినవాళ్లు ఇంటి దగ్గర నెలల తరబడి బిళ్లలు మింగాలి. ఆ మందులు అప్పుడు కొత్తవి. బిళ్లలు పెద్దవి, చాలా మింగాలి, కడుపులో తిప్పుతాయి. దగ్గు తగ్గగానే మనిషి మానేస్తాడు. ఆడవాళ్లకు ఇంకో చిక్కు ఉండేది. బిళ్లల డబ్బా అత్త కంటపడితే కాపురం పోయినట్టే. అంటుకునే దశ దాటిందని డాక్టర్లు చెప్పినా ఇంట్లో వినేవారు కాదు.

దీనికి దారి చూసింది మార్తమ్మ, నా భార్య. దుకాణం వెనకే మా ఇల్లు. పొద్దున పూట ఆమె వెనక తలుపు దగ్గర మజ్జిగ పోసేది. "వాళ్ల బిళ్లలు నా తాన ఉండనీ. మజ్జిగకు వచ్చినట్టు వస్తరు, మింగి పోతరు" అంది. మజ్జిగతో మింగితే కడుపులో తిప్పడం కూడా తగ్గేది. మా ఇంట్లో తాగకూడదనుకునే వాళ్లు మజ్జిగ చెంబులో పోయించుకుని, బిళ్లలు మాత్రం తమ నీళ్లతో మింగేవారు. మార్తమ్మ దానికి నొచ్చుకోలేదు. ఆమెకు చదువు రాదు. ఏ డబ్బా ఎవరిదో తెలియడానికి వాళ్ల పాత చీర పేలికనే దానికి కట్టేది. ఎన్నడూ తారుమారు కాలేదు.

పచ్చ పేలిక బాలమణిది. నాపరాళ్ల గనిలో మేస్త్రీగా ఉన్న సాయన్న కోడలు. పుట్టింట్లో ఉన్నప్పుడు కొండ మీద వైద్యం చేయించుకుంది. అత్తింటికి తెలియదు. నవ్వించే పిల్ల. "అమ్మా, గివి ఉత్త నీళ్లే గద, మజ్జిగేది? బిళ్లలన్న అసలియి ఇస్తున్నవా?" అనేది. "ముందు మింగు. ముచ్చట తర్వాత" అనేది మార్తమ్మ. ఆ మాటలు దుకాణంలోకి వినబడుతుంటే నాకు సంతోషంగా ఉండేది.

ఒక రోజు పట్నం డాక్టరు ఒకాయన, రైలు ఆలస్యమై, నా బెంచీ మీద కూర్చున్నాడు. మాటల్లో క్షయ సంగతి వచ్చింది. మన జనం మందులు సగంలో మానేస్తారని అన్నాడు. నా దగ్గర మానరని అన్నాను. ఆయన నవ్వాడు. ఆడవాళ్లు కూడానా అని అడిగాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

"సాయన్న మేస్త్రి కోడలు రోజూ పొద్దున మా వెనక తలుపు దగ్గరే మింగుతుంది. కొండ దిగినప్పటి నుంచి ఒక్క పూట తప్పలేదు. ఇది నా పద్ధతి" అన్నాను.

నా పద్ధతి అన్నాను. మార్తమ్మ పేరు ఎత్తలేదు.

డాక్టరు శభాష్ అన్నాడు. బెంచీ చివర, నలిగిన కాలివేలికి కట్టు కట్టించుకోవడానికి కూర్చున్న ఎల్లప్ప తలెత్తాడు. గని రాళ్ల బండి తోలేవాడు. "మా మేస్త్రి కోడలా? అగో, మంచిగనే ఉన్నది గద!" అన్నాడు.

ఎల్లప్పను నేను చూడలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమా? కాదు. చూశాను. ఆయన కాలి కింద గుడ్డ పరిచింది నేనే. పేరు చెప్పే ముందు ఒక క్షణం ఆగాను కూడా. పేరు లేకపోతే డాక్టరు నమ్మడేమో అని, నమ్మకపోతే నాదీ అన్ని దుకాణాల్లాంటి దుకాణమే అనుకుని రైలెక్కుతాడేమో అని, ఎల్లప్పకు ఇవన్నీ ఏం అర్థమవుతాయిలే అని, అర్థమైనా ఎవరికి చెబుతాడులే అని, ఇన్ని అనుకోవడానికి ఆ క్షణం సరిపోయింది. ఒక ఆడపిల్ల కాపురం గురించి అనుకోవడానికి మాత్రం సరిపోలేదు.

వారం తిరగకముందే బాలమణిని మోమిన్‌పేటకు, పుట్టింటికి పంపేశారు. తర్వాత భర్త వేరే పెళ్లి చేసుకున్నాడు. మా వెనక తలుపుకు మనుషులు రావడం మానేశారు. మజ్జిగ పోసే మనిషికి తప్ప ఈ సంగతి ఎవరికి తెలుసు? ఊరు అట్లాగే అనుకుంది. ఆ మాట నా బెంచీ మీద విన్నానని ఎల్లప్ప ఎక్కడా చెప్పినట్టు లేదు. మానేసినవాళ్లలో ఒకామె ఆ వానాకాలంలో పోయింది. మందు ఆగినందుకేనా? తెలియదని అనుకుంటూ వచ్చాను. అట్లా అనుకోవడం నాకు తేలిక.

ఒక పొద్దున మజ్జిగ కుండ ముందు కూర్చుని మార్తమ్మ నన్ను పిలిచింది.

"ఏమయ్యా, నేనెక్కడన్న అన్ననా? బాయికాడ గిట్ల? ఎంత యాది చేసుకున్నా వస్తలేదు."

నేను చెప్పవలసింది ఒక్క మాట. చెప్పింది ఇది:

"ఏమో. నలుగురు ఆడోళ్లు కూడిన కాడ మాట జారుతది."

ఆమె కుండ మీద మూత పెట్టింది.

"జారిందేమో. నాకే తెల్వకుంట జారిందేమో" అంది.

నువ్వన్నవా అని నన్ను అడగలేదు. అడగాలని ఆమెకు తోచనే లేదు. అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని అనుకోవాలని ఉంది. కానీ అడగని మనిషికి కూడా నిజం చెప్పవచ్చు. దానికి అడ్డు ఎవరున్నారు?

ఆ తర్వాత మార్తమ్మ వారం వారం మోమిన్‌పేట పోయింది. వికారాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. పచ్చ పేలిక కట్టిన డబ్బా సంచిలో ఉండేది. బాలమణి మొదట్లో తలుపు తీసేది కాదట. మార్తమ్మ గడప మీద కూర్చునేదట, ఆమె మింగేదాకా. సాయంత్రం కాళ్ల నిండా దుమ్ముతో తిరిగొచ్చేది. వారానికి సరిపడా బిళ్లలు లెక్కపెట్టి డబ్బా నింపింది నేనే. పని బాగా చేశాను. ఆమె నా తప్పుకు నడుస్తున్నదని తెలిసి, చెప్పులు తెగితే కొత్తవి కొనిచ్చాను. బాలమణికి రోగం పూర్తిగా నయమైంది. మార్తమ్మకు మాత్రం ఏ నలుగురిలోనూ నోరు విప్పాలంటే భయం పట్టుకుంది. పాటలు పాడే మనిషి, చర్చిలో కూడా పెదవులు మాత్రమే కదిపేది. అది నేను చూస్తూ ఉన్నాను.

ఆమె పోయాక ఇంటి దగ్గర ఆదరణ కూడిక పెట్టారు. పోయినవారి గురించి తెలిసినవాళ్లు లేచి రెండు మాటలు చెబుతారు. బాలమణి లేచింది.

"అమ్మ నోటెంబడి ఒక మాట జారింది. నా బతుకు ఆగమైంది. జారినా నన్ను ఇడిచిపెట్టలే. గడపల కూసోని మందు మింగిచ్చింది. అమ్మను నేను ఎన్నడో మన్నించిన."

అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరుసలో కూర్చున్న నేనూ అన్నాను.

ఆ ఆమెన్ దగ్గర నా అలవాటు తెగింది. తెగినా నోరు తెరవడానికి ఏడాది పట్టింది.

పోయిన శుక్రవారం మోమిన్‌పేట పోయాను. బాలమణి బస్సులు ఆగే చోట కూరగాయలు అమ్ముతుంది. పక్కన కూర్చుని చెప్పాను. బెంచీ, డాక్టరు, ఎల్లప్ప, ఆగిన ఆ క్షణం. ఏదీ తగ్గించలేదు. మధ్యలో ఒకాయన వంకాయలు అడిగితే తూచి ఇచ్చింది. ఆయన పోయాక నా వైపు తిరిగింది.

"అమ్మకు చెప్పినవా?"

"లేదు బిడ్డా."

"ఆమెను మన్నించిన అని అందరి ముంగట అంటి. గా మాట ఇప్పుడు ఎట్ల వాపసు తీసుకోవాలె?"

క్షమించమని అడగలేదు. అడగడం ఆమె తల మీద ఇంకో పని పెట్టడమే. "పో, బస్సొచ్చింది" అంది. కోపంగా అనలేదు. మెత్తగా కూడా అనలేదు.

బస్సులో తట్టింది, ఆ మాట వాపసు తీసుకోవలసింది ఆమె కాదని. వికారాబాద్ స్టేషనులో రైలు కోసం కూర్చున్నప్పుడు ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత వేసిన ఆకలి. కడుపు నిండా తిన్నాను. సిగ్గుపడలేదు.

వచ్చే ఆదివారం చర్చి అయ్యగారి అనుమతి అడిగి, ఆ కూడికకు వచ్చినవాళ్ల ముందు లేచి నిలబడతాను. ముందు మీకు చెబుతున్నాను, నోటికి అలవాటు కావాలని. మార్తమ్మ ఎవరితోనూ అనలేదు. బావి దగ్గర అనలేదు. ఎక్కడా అనలేదు. అన్నది నేను.