రెండు వేళ్ల మీద విమానం

నా రెండో రిమోట్ విమానాన్ని ఆయప్ప నన్ను ఎగరేయనీలేదు. మొదటిదాన్ని, నేర్చుకునే విమానాన్ని, జమ్మలమడుగు పెన్నా ఇసుకలో ఏడాదిగా విరగ్గొట్టకుండా దించినోణ్ణి, నాకే అడ్డం! ఆయప్ప ప్రొద్దుటూరి బట్టల వ్యాపారి, నాతోపాటే ఎగరేస్తాడు. ఎవరి విమానమైనా ఒక్కో రెక్క కింద ఒక్కో వేలు పెట్టి ఎత్తి, ముందూ ఎనకా బరువు సమంగా ఉందో లేదో తెలుసుకునేదానికి కండ్లు మూసుకుంటాడు. నాది ఎత్తితే తోక వాలింది.

"ఇది శానా వేగంది మామా. తోక బరువైతే నీ మాట వినదు."

"నీ మాట నేనెందుకు వినాల?" అని ఇంటికి తెచ్చేసినా. బ్యాటరీ ముందుకు జరుపుతా, నా వేళ్ల మీద సమంగా నిలిచేదాకా విడవలేదు. మళ్లా పోయి ఆయప్ప ముందరే ఎత్తినా. ఆయప్ప చెయ్యి చాపలేదు.

"నువ్వు ఎత్తి చూడవా?"

"నీ వేళ్ల మీద నిలిచింది గదా మామా. ఇంగ నా వేళ్లతో పనేముంది? ఎగరెయ్."