తెల్లపొడి దాహం

రేణిగుంట టైరు రబ్బరు మిల్లులో దేవరాజులు గోరే పరీక్ష. ఇరవై ఏళ్లుగా రబ్బరులో మసిలాంటి నల్లపొడి కలిపి కలిపి ఆ గోటి అంచుల్లో మసి ఏ సబ్బుకూ లొంగకుండా ఉండిపోయింది. ఉడికిన రబ్బరు ముక్కను వంచుతాడు, వాసన చూస్తాడు, బొటనగోరు గుచ్చుతాడు. గాటు పూడితేనే సరిగ్గా ఉడికినట్టు, అప్పుడే సరుకు లారీ ఎక్కుతుంది. రాళ్లదారుల్లో టైర్లు కోసుకుపోకుండా ఈ మధ్య సిలికా అనే తెల్లపొడినీ, గ్లైకాల్ అనే జిడ్డు ద్రవాన్నీ కలపమన్నారు. గంధకం అంతే, రబ్బరును ఉడికించే మందు అంతే, వేడీ అంతే. అయినా మూడు రోజులుగా రబ్బరు పచ్చిగానే దిగుతోంది. గోరు మీదే అనుమానమొచ్చి పాత నల్లరబ్బరును గుచ్చి చూశాడు. అది పూడింది.

“అన్నీ వేసినా. ఏం తక్కువైందో అంతు చిక్కలేదమ్మా,” అన్నాడు కొత్త కెమిస్టు జ్ఞానాంబతో.

“గ్లైకాల్ ఎప్పుడు పోసినావన్నా?”

“నూనె మాదిరి ఉండాది కదా, ముందే పోస్తే రబ్బరు రోలర్ల మీద జారతాదని ఆఖర్న పోసినా.”

“ఆ పొడికి దాహమెక్కువన్నా. ముందు గ్లైకాల్ ఇయ్యకపోతే నీ మందును తాగేస్తాది. ఇంటికొచ్చినోళ్లకు ముందు నీళ్లియ్యమా?”

“పొడికి దాహమేందమ్మా!”

మధ్యాహ్నం ఆమె చెప్పినట్టే కలిపాడు. గాటు పూడింది. మళ్లీ గుచ్చాడు, మళ్లీ పూడింది. ఎందుకు పూడిందో మాత్రం బోధపడలేదు. తరవాత ఇంకో తెల్లపొడి బస్తా మూతి విప్పి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, గ్లైకాల్ చెంబు ఎత్తి మెల్లగా అన్నాడు:

“దూరం నుంచి వచ్చినావు. ముందు ఇది తాగప్పా.”