అత్త చూపించిన రాతికంబం

మొన్న రాయచూరు స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న పెద్దాయన ఫోన్‌లో ఏదో బౌద్ధ స్తూపం దగ్గరి శాసనస్తంభం చూపించి, "ఎంత మంచిగ కాపాడిండ్రో చూడుండ్రి" అన్నాడు. చూశాను. మా మేనత్త గుర్తొచ్చింది.

అత్తవాళ్ల చేను యాపలదిన్ని ఊరు దాటాక ఉండేది. చేను మధ్యలో పాత ఇటుకల దిబ్బ, దాని మీద మనిషి నడుమెత్తు రాతికంబం, దాని ఒక వైపు నిండా ఎవరికీ రాని అక్షరాలు. పిల్లలు లేరు, మామ పోయాడు; అత్త పత్తి ఏరి ఏరి ఆ కంబానికి ఆనుకునే సద్ది తినేది. చదువు రాకపోయినా అక్షరాల మీద వేలుపెట్టి దిద్దేది. "సదువుకున్నోళ్లకే రాదంట, ఇగ నాకు రాకుంటేంది?" అని నవ్వేది.

ఒక ఎండాకాలం కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు ఒకాయన దిబ్బలు వెతుక్కుంటూ వస్తే, అత్తే పిలిచి చూపించింది. ఆయన చెప్పులు విడిచి కంబం ముందు కూలబడ్డాడు. "ఇది బుద్ధుని జాగా అమ్మా. శాన పాత రాత. కెమెరా తీస్కొని మళ్ల వస్తా" అన్నాడు. అత్త సంబరంగా ఇంటికొచ్చి చెప్పింది.

విన్నది మామ వాళ్ల అన్న, మా పెద్దమామ; అత్త ఉండేది ఆయన ఇంట్లోనే. చేను సర్కారు గుంజుకుంటుందని ఆయన భయం. తెల్లారే సమ్మెటలతో మనుషులను తీసుకుపోయి, అత్తను ఎదురుగా నిలబెట్టి, కంబాన్ని మొదలుకంటా విరగ్గొట్టించాడు. ట్రాక్టర్‌లో ఇంటికి తెచ్చి, అక్షరాలు పైకుండేట్టు బోరు దగ్గర వేయించాడు. "నీకు ఇష్టం గదా. ఇగ దినాం దీని మీదనే బట్టలుతుకు" అన్నాడు. అత్త రాయి అంచున ఉతుకుతుంటే, మంచం మీద నుంచి "నడుమ కొట్టు" అనేవాడు. నడుమ కొట్టేది.

లెక్చరరు మాట తప్పలేదు, వచ్చాడు. ఆయన దిబ్బ మీద వెతుకుతుండగానే పెద్దమామ రాయిని బోర్లా తిప్పించాడు. తర్వాత ఆయన్ను ఇంటికి పిలిచి చాయ్ పోయించి, "ఏం జెప్పాలె సార్! మా మరదలే ఎవనికో అమ్మేసింది" అన్నాడు. లెక్చరరు అత్త వంక చూశాడు. "నువ్వేనా అమ్మా, నాకు చూపించింది?" అన్నాడు. అంతే. పోయే ముందు బోరు దగ్గర ఆ రాయి మీదే నిలబడి దుమ్ము కాళ్లు కడుక్కున్నాడు. చెంబుతో నీళ్లు పోసింది అత్తే.

చాలా రోజులకు మా ఇంటికొచ్చినప్పుడు ఇదంతా చెప్పింది. "నోరు తెరిచి చెప్పకపోయినవా అత్తా?" అన్నాను.

"చెప్పి యాడికి పోవాలెరా? మళ్ల ఆ ఇంట్లనే గద తినాలె."

లెక్చరరు వెళ్లిన సాయంత్రమే పెద్దమామ రాయిని మళ్లీ తిప్పించాడట. అత్త పోయినప్పుడు వెళ్లి చూశాను. చేత్తో తడిమితే నున్నగా జారింది. ఎన్ని వందల ఏళ్ల వానలకో చెరగని రాత, ఒక్క ఇంటి మాసిన బట్టలకు అరిగిపోయింది.