పందేలు ఆగిపోయాక చిన్నాయన

మా చిన్నాయన పోయిన సంగతి నాకు మామా చెప్పింది. నేను ఈ అరబ్బు దేశంలో, జాబ్రియాలో పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అని, ఆమె భర్తను బాబా అని పనివాళ్ళం పిలుస్తాం. వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తెరిచి నీళ్ళ సీసా అందుకుంటూ, "మజ్రాలో మీ చిన్నాయన ఖలాస్. పొద్దున పక్కవాళ్ళు చూశారట. డ్రైవర్‌తో పోయి చూసి రా" అంది. మధ్యాహ్నం వంట సంగతి మాత్రం ఎత్తలేదు. అంతవరకూ దయగల మనిషే.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. రాయచోటి పక్క గొర్రెలు కాసిన మనిషి. ఇక్కడ ఎడారిలో బాబాకున్న మజ్రాలో, అంటే తోటలో, పందెం కుక్కల్ని చూసుకునేవాడు. పొడుగు కాళ్ళు, పిడికిట్లో ఇమిడే నడుము ఉండే సలుకీ కుక్కలు. బాబా వాటికి పెట్టిన అరబ్బీ పేర్లు నోరారా పిలిచేలోపు కుక్క కనుచూపు దాటిపోయేది. అందుకని చిన్నాయన సొంత పేర్లు పెట్టుకున్నాడు. బొగ్గు, చుక్కమ్మ, మజ్జిగ. తెల్లటి మజ్జిగే ఎక్కువసార్లు గెలిచేది.

కుక్కల గదికి ఏసీ ఉండేది. చిన్నాయన గదికి లేదు. ఎండాకాలం వస్తే చాప తీసుకుపోయి వాటి మధ్యే పడుకునేవాడు. "మజ్జిగ పుణ్యాన నాకూ ఏసీ దొరికె పాపా. మన వంశంలో ఎవురన్నా పండుకున్యారా ఏసీలో?" అని ఫోన్లో పగలబడి నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

వాటికి పరుగు నేర్పే పద్ధతి ఆయనదే. తన పాత చొక్కా చింపి, తాడుతో పికప్ వెనక కట్టేవాడు. బండి కదిలితే ఆ చొక్కా వాసన పట్టుకొని అవి ఉరికేవి. చివర్లో బండి ఆపి, దిగి, ఒక్కొక్కదాని ఒళ్ళు నిమిరి ఖర్జూరం పెట్టేవాడు. పరుగు అయ్యాక ఆయన దిగి వస్తాడని వాటికి బాగా అలవాటు.

చలికాలమంతా పందేలు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫోన్లోనే టికెట్ కొని, ఏ కుక్క గెలుస్తుందో ఫోన్లోనే నొక్కేవాళ్ళు. ఆ డబ్బు బీదలకు పోతుందని చెప్పేవారు. ఏ బీదలకో నాకు తెలియదు. మేమూ అక్కడే ఉన్నాం మరి. "ఉరికేది అది, గెల్చేది బాబా" అనేవాడు చిన్నాయన. ఒక పందెంలో చుక్కమ్మ కాలు విరిగింది. ఆ సాయంత్రం దాన్ని ఎక్కించుకుపోయిన బండి ఖాళీగా తిరిగొచ్చింది. తర్వాత చాలా రోజులు ఆయన నా ఫోన్ ఎత్తలేదు.

ఆ తర్వాత ప్రభుత్వం కొత్త రూలు తెచ్చింది. దానధర్మాల పేరుతో ఫోన్లో ఆడించే ఆటలకు ఇకమీద అనుమతి కావాలి, వచ్చిన డబ్బుకు జవాబు చెప్పాలి. కుక్కల పందేలైతే మొత్తానికే ఉండవు. చిన్నాయన సంబరం చూడాలి ఆ రోజు! "ఇంగ కాళ్ళు ఇరగవు పాపా. సుకంగా కూకోని తింటాయి" అన్నాడు. ఆ రూలు తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ పందెం పోయాక కుక్కలు ఎవరివి, వాటిని చూసుకునే మనిషి గతేంటి అన్నది ఎవరికీ పట్టలేదు.

పందెం లేని కుక్కకు మాంసం దండగ అనుకున్నాడు బాబా. ఏసీ పీకించి తీసుకుపోయాడు. చిన్నాయన ఈ దేశంలో ఉండడానికి కావాల్సిన ఇఖామా కార్డు ఇక రెన్యూ చేయనన్నాడు. ఊరికి పోయేలోపు కుక్కల్ని ఎడారిలో దూరంగా వదిలేసి రమ్మన్నాడు.

వదలడానికి పోయిన రోజు సాయంత్రం ఫోన్ చేసినప్పుడు చిన్నాయన గొంతు వేరేగా ఉంది.

"ఇడ్సిపెట్టినా పాపా. బండి తిప్పి వస్తాంటే అద్దంలో కనపడె. ఎనకాలే ఉరుకుతాండాయి. పందెమనుకున్యాయి. మజ్జిగ అన్నిటికన్నా ముందర."

"ఆపినావా?"

"ఆపకుంటే ఎట్ల? నేను దిగుతానని గదా అవి ఉరుకుతాండేది!"

అన్నిటినీ మళ్ళీ ఎక్కించుకొని మజ్రాకు తెచ్చుకున్నాడు. బాబా తిట్టాడు, వాటి తిండి ఆపేశాడు. అప్పట్నుంచి చిన్నాయన తన ఖుబూస్ రొట్టెల్నే తడిపి వాటికి వేసేవాడు. నేను డ్రైవర్ చేతికి మిగిలిన అన్నం, ఎముకలు ఇచ్చి పంపేదాన్ని.

"నువ్వు ఇంటికి పో చిన్నాయనా. చిన్నమ్మ ఎదురు చూస్తాంది" అని బతిమాలాను.

"పోతా. ఈటికి ఒక తావు చూపిచ్చి పోతా."

ఆ తావు దొరకలేదు. కుక్కల్ని చేరదీసేవాళ్ళు తమ దగ్గర చోటు లేదన్నారు. పెంచుకుంటామన్నవాళ్ళు కుక్కపిల్లలైతే కావాలన్నారు. మామాను ఒక్కదాన్నైనా ఉంచుకోమని అడిగాను. ఆమె నా వైపు చూసి నవ్వింది, అంతే. ఈలోగా ఎండలు ముదిరాయి.

నేను వెళ్ళేసరికి ఆయన్ని తెల్లటి వ్యానులో ఎక్కించేశారు. ముఖం చూపించారు. నిద్రపోతున్నట్టు ఏమీ లేదు. బాగా కష్టపడి పోయిన ముఖం. ఎండదెబ్బ అన్నారు. కుక్కల గదిలోకి తొంగి చూశాను. ఏసీ పీకేసిన కంతలోంచి వడగాలి రాకుండా ఆయన చొక్కా కుక్కి ఉంది. కింద ఆయన చాప, దాని మీద బొగ్గు పడుకొని ఉంది. ఎంత పిలిచినా లేవలేదు.

వ్యాను కదిలింది. దాని వెనక మా కారు. గేటుకు గొళ్ళెం పెట్టేది రోజూ ఆయనే. ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

మట్టిదారిలో కొంచెం దూరం పోయాక కారు పక్కనుంచి ఏదో దూసుకుపోయింది. తర్వాత ఇంకొకటి. చాప మీది నుంచి లేవని బొగ్గు కూడా ఉంది వాటిలో. పక్కటెముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయిన కుక్కలు, చెవులు వెనక్కి పెట్టి, మమ్మల్ని దాటి వ్యాను వెంట పడ్డాయి.

"ఆపమని వాళ్ళకు హారన్ కొట్టేదా అక్కా?" అన్నాడు కడప డ్రైవర్.

"ఆపి ఏం చేచ్చాం?" అన్నాను.

తారురోడ్డు వచ్చింది. వ్యాను వేగం పెంచింది. అది ఎక్కడో ఒకచోట ఆగుతుందని, తలుపు తెరుచుకొని ఆయన దిగుతాడని అవి ఇంకా ఉరుకుతూనే ఉన్నాయి. మజ్జిగే ముందుంది.