రేపటి ఏకాదశి

మొన్న ఒక పని మీద నాందేడ్ పోయి, పొద్దున్నే గోదావరి ఘాట్ మీద స్నానానికి దిగబోతే పోలీసు ఆపాడు. నీళ్ల నిండా రంగురంగుల టోపీలు పెట్టుకున్న పిల్లలు. గట్టు మీద వరుసగా సైకిళ్లు, మైకులో కేకలు. భుజాల మీద నంబర్లు రాయించుకున్న ఒక అమ్మాయిని ఏమిటమ్మా ఇది అని అడిగాను. "ట్రయథ్లాన్, ఆజోబా. ముందు ఈత, తర్వాత సైకిల్, ఆ తర్వాత పరుగు," అంది, మరాఠీలో తాతా అని పిలిచి. ఇదే ఊళ్లో, ఇదే నీళ్లలో మేమూ చేశాం ఇలాంటిది, నీ వయసులో, అన్నాను. ఆ పిల్ల నా ధోవతిని, మెడలో తులసి మాలను, చేతికర్రను ఒకసారి కిందికీ మీదికీ చూసి, మర్యాదగా నవ్వి పక్కకు జరిగింది. నమ్మలేదు. నాకేం కోపం రాలేదు. ఆ రకం చూపుతో నాకు పాత పరిచయం ఉంది. ఆ పందెం పుణ్యమా అని ఒక చలికాలమంతా మా ఊరు ఊరే ఒకరినొకరు అలా చూసుకుంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో. మాది ఇస్లాపూర్ అవతల అడవి అంచున చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఏది ముందు నోటికొస్తే అది. భజన మాత్రం రెండు భాషల్లోనూ సాగేది. మా మేనమామ భజన మండలికి పెద్ద. ఆయన కొడుకు నాకు బావ, నాకంటే రెండేళ్లు పెద్ద. మూడోవాడు శావుకారి కొడుకు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కిరాణా దుకాణం వాళ్లది. ముగ్గురం ఒకే రోజు పాండురంగడి తులసి మాల వేసుకున్నాం, ఒకే గురువు దగ్గర తాళం నేర్చుకున్నాం. పెన్‌గంగలో ఒకే మడుగులో ఈతా నేర్చుకున్నాం, కానీ ఈత నిజంగా వచ్చింది శావుకారి కొడుక్కే.

నాందేడ్‌లో ఒక తాలీంవాళ్లు, అంటే కుస్తీ గోదా నడిపేవాళ్లు, దసరా తర్వాత పందెం పెడుతున్నారని కబురొచ్చింది. ముగ్గురు ఒక జట్టు. ఒకడు గోదావరి ఈది వచ్చి, ఎర్ర రుమాలు రెండోవాడికి ఇస్తే, వాడు సైకిల్ తొక్కి వచ్చి మూడోవాడికి ఇవ్వాలి, వాడు ఊరి వీధుల్లో పరిగెత్తి రావాలి. శావుకారి కొడుక్కి ఈత, నాకు సైకిల్, బావకు పరుగు. బావ పరుగు సంగతి ఊరందరికీ తెలుసు. దూడ తప్పించుకుంటే తాడు తెచ్చే లోపు దూడనే తెచ్చేవాడు.

మామ మొదట ఒప్పుకోలేదు. "భజన జేసేటోళ్లకు పందెం ఏందిరా? గెలిస్తె పొగరు, ఓడితె ఏడుపు," అన్నాడు. ఆఖరికి తలూపాడు గానీ, దుకాణంలో ఇచ్చిన క్యాలెండర్ దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయి పందెం నాటి గడి మీద వేలు పెట్టాడు. ఏకాదశి. "ఉపాసం తప్పిందనుకో, సప్తాల వీణ ముట్టేది లేదు. ముగ్గురికీ చెప్తున్న," అన్నాడు. చూపు మాత్రం బావ మీదే ఉంది.

ఆ చూపుకు కారణం ఉంది. మా ఊళ్లో ఏటా ఏడు రోజుల సప్తా జరుగుతుంది. ఆ ఏడు రోజులూ నామం ఆగకూడదు, వీణ నేల మీద పెట్టకూడదు. ఒకరు ఆ చిన్న వీణను రొమ్ముకు ఆనించి పట్టుకుని నిలబడి పాడుతుంటే, తన వంతు పహరా రాగానే తర్వాతివాడు వచ్చి చేతుల్లోంచి తీసుకోవాలి. పాత వీణ పురుగు తిని పోతే, కొత్త వీణను పండరి నుంచి మా అత్త ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. రైల్లో ఒకడు దాన్ని సామాన్ల మీద పెట్టమంటే, బిడ్డను పెడతావా అక్కడ, అని తగాదా పెట్టుకుందట. ఆ సప్తా రాకముందే ఆమె పోయింది. అమ్మ తెచ్చిన వీణ తానూ ఒక పహరా పట్టాలని బావకు. పెళ్లి గురించి కూడా అంతగా అడిగినవాడు కాదు. మామ ఆ ఏడాదికి మాటిచ్చాడు. ఇప్పుడా మాట ఏకాదశికి ముడిపడింది.

ముద్ఖేడ్‌లో బండి మారి నాందేడ్ చేరి, ఒక ధర్మశాలలో దిగాం. నాకు బస్తీవాళ్ల మీద పుట్టెడు అనుమానం. అద్దె సైకిల్ వాడు గొలుసు వదులుగా ఉన్న బండి మాకే అంటగడుతున్నాడని అనుమానం. తాలీంవాళ్లు తమ కుర్రాళ్లకు నీటి లోతు ముందే చెప్పి ఉంటారని అనుమానం. తలా ఒక కాగితం పొట్లంలో గ్లూకోజు పొడి ఇస్తే, అది మొక్కజొన్నతో చేస్తారని ఎక్కడో విన్న గుర్తు, ఏకాదశి నాడు ధాన్యం తినిపించే కుట్ర కాదు కదా అని అనుమానం. నా పొట్లం ధర్మశాల చీమలకు పోశాను. అవి ఏ అనుమానమూ పెట్టుకోలేదు.

పందెం నాటి పొద్దున లేచేసరికి బావ పక్కన లేడు. ముందు రోజు సాయంత్రం కీర్తన వినిపిస్తోందని ఒక్కడే పోయాడు, మేం పడుకున్నాక ఎప్పుడో వచ్చాడు. వెతుక్కుంటూ ఘాట్ వైపు పోతే, సందు మొదట్లో ఖానావళి, అంటే భోజన హోటల్. బయటి బల్ల మీద బావ కూర్చుని ఉన్నాడు. ముందు జొన్నరొట్టె, శనగపిండి పిఠ్లం, ఉల్లిగడ్డ. తింటున్నాడు. దొంగతనంగా కూడా కాదు, హాయిగా.

శావుకారి కొడుకే ముందు నోరు తెరిచాడు. "బావా! ఏకాదశి!"

"ఇయ్యాల మనది గాదురా. మనది రేపు. రాత్రి మహారాజ్ కీర్తనల చెప్పిండు. పొద్దుగాల దశమి తగిలిందట. కూసోండ్రి, మీరూ తినుండ్రి."

"ఆకలైతె ఏకాదశి రేపటికి జరుగుతదా బావా?" అన్నాను.

"నా మాట గాదు బామ్మర్దీ, మహారాజ్ మాట."

"ఏ మహారాజ్? పేరేంది?"

"పేరెవడు అడిగిండు? మంచిగ పాడిండు."

పేరు లేని మహారాజ్, మేం నిద్రపోయిన వేళ, మాకెవరికీ వినపడని మాట చెప్పాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొక్కిన దేవుడి పేరు చెప్పి పిఠ్లం తినే మనిషిని అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. సరిగ్గా అప్పుడే సందులోంచి మా శావుకారి వచ్చాడు. సరుకు కొనడానికి వచ్చి, మార్కెట్టుకు పోతున్నాడు. కొడుకును చూశాడు, నన్ను చూశాడు, బావ చేతిలోని రొట్టెను చూశాడు. టోపీ సర్దుకుని మార్కెట్టు వైపు పోయాడు. బావ చేయి అప్పుడు ఆగింది. "మీ నాయిన ఊరికి ఎప్పుడు వోతడురా?" అని అడిగాడు. "ఇయ్యాల్టి బండికే," అన్నాడు శావుకారి కొడుకు. బావ రొట్టె మాత్రం వదల్లేదు. అన్నాన్ని పారేయడం ఇంకో పాపం.

పందెం గురించి చెప్పాలంటే, శావుకారి కొడుకు ఖాళీ కడుపుతో కూడా చేపలాగే ఈదాడు, కానీ గట్టెక్కాక పళ్లు టకటకలాడుతూ రుమాలు నా చేతికి బదులు పక్క జట్టువాడికి ఇవ్వబోయాడు. నేను పూర్ణా రోడ్డు మీద పోయేటప్పుడు బాగానే పోయాను. తిరిగి వచ్చేటప్పుడు చెట్లు రెండు రెండుగా కనిపించాయి, గొలుసు ఊడింది, నలుగురు దాటిపోయారు. బావకు రుమాలు ఇచ్చేటప్పటికి మేం బాగా వెనకబడ్డాం. అప్పుడు పరిగెత్తాడు బావ. సందుల్లో జనం చప్పట్లు కొట్టడం మాకు వినిపించింది. ఒక్కొక్కరినీ దాటి రెండో నంబరుగా వచ్చాడు. జనం ఎత్తుకున్నారు. మేమిద్దరం గట్టు మీద కూర్చుని, ఆ బలం ఎక్కడిదో మాకు తెలుసులే అన్నట్టు చూశాం. బహుమతిగా తలా ఒక బూందీ లడ్డూల డబ్బా ఇచ్చారు. బావ అక్కడే రెండు తిన్నాడు. మేం డబ్బా వాసన చూసి మూత పెట్టుకున్నాం.

మర్నాడు బండిలో బావ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తప్పు చేసినవాడు నాటకం ఆడుతున్నాడని శావుకారి కొడుకు నా చెవిలో అన్నాడు. మాకు ద్వాదశి, మా ఆకలికి ఆనకట్ట లేదు. ముద్ఖేడ్ స్టేషన్లో బండి మారి కూర్చున్నాక డబ్బా తెరిచి లడ్డూ నోట్లో పెట్టుకున్నాను. ఎదురుగా తొమ్మిది గజాల చీరలో ఒక ముసలమ్మ కూర్చుంది, మెడలో మాల. నా మెడనూ నా నోటినీ మార్చి మార్చి చూసి అంది: "గళ్యాత్ మాళ్, అన్ ఏకాదశీలా లాడూ?" మెడలో మాల వేసుకుని ఏకాదశి నాడు లడ్డూ తింటావా, అని. నిన్ననే అయిపోయింది కదమ్మా అంటే, నిన్న ఇతరులకు, మాలవాళ్లకు ఇవాళ, మీ ఊళ్లో చెప్పేవాళ్లు లేరా, అని పక్కవాళ్లకు నన్ను చూపించింది. ఆ బెంచీ మీద వాళ్లంతా ఉపవాసానికి చెల్లే పల్లీలు ఒలుచుకుంటున్నారు. అందరూ నన్నే చూశారు. లడ్డూ మింగలేక, ఉమ్మలేక నేను పడిన బాధ పాండురంగడికే తెలుసు. బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

ఏకాదశి కొన్ని నెలల్లో రెండు రోజులుగా వస్తుంది. తెల్లవారుజామున దశమి కొస ఏ కొంచెం మిగిలి ఉన్నా ఆ రోజును వదిలేసి, మర్నాడు ఉపవాసం ఉండాలన్నది మాల వేసుకున్నవాళ్ల నియమం. మాకు నేర్పిన మాటే ఇది. కానీ ఊళ్లో పంచాంగం చూసే ముసలి అయ్యగారు ఆ ఏడే కాలం చేశారు. అప్పటినుంచి నిజామాబాదు నుంచి శావుకారికి వచ్చే క్యాలెండరే మాకు శాస్త్రం. అందులో ఒక్క గడిలోనే ఏకాదశి అని అచ్చు వేశారు. ఎవరికీ అనుమానం రాలేదు. అన్నింటినీ అనుమానించిన నాకూ రాలేదు.

మేం ఊరు చేరేసరికి శావుకారి మాట మాకంటే ముందు చేరింది. మామ మేం చెప్పింది విని, చెప్పులు వేసుకుని ఇస్లాపూర్ నడిచిపోయి, అక్కడి పూజారి చేత పంచాంగం చూపించుకుని వచ్చాడు. మా ముగ్గురినీ పశువుల కొట్టంలోకి పిలిచాడు. "వీడు చెప్పిందే నిజం. ఊరంత కాని దినం ఉపాసమున్నది," అన్నాడు.

బావ అన్నాడు: "చెప్పకు నాయినా. ముసలోళ్లు బాధపడ్తరు. నేనే తప్పు జేసిననుకోనీ."

"తప్పు జేసినోని చేతికి వీణ ఎట్ల ఇత్తురా?"



ఆ సాయంత్రం భజన ఆపి మామ ఉన్నదంతా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. అప్పుడు శావుకారి గొంతు సవరించుకున్నాడు. "మంచిగున్నది పటేలా. కొడుకు తిన్నడని తిథినే జరుపుతిరి. నా కొడుకు తినుంటె జరిపెటోళ్లా?" ఒక ముసలమ్మ లేచి, "గట్లయితె మేమున్న ఉపాసం ఏడ వోయిందయ్యా?" అని అడిగింది. "దేవుని దగ్గర్నే ఉంటదమ్మా," అన్నాడు మామ. "ఉంటదో, మీరు గట్ల అంటున్నరో," అని ఆమె కూర్చుంది. అంతే. నిజం చెప్పినందుకు మామ మీద కూడా అనుమానం మొదలైంది. నేను ముద్ఖేడ్ ముసలమ్మ సంగతి చెబితే, నువ్వు వాళ్ల మేనల్లుడివే కదా, అన్నారు.

సప్తా వచ్చింది. పహరాలు ఎప్పటిలాగే పంచారు. మూడో రోజు మధ్యాహ్నం బావది, వాడి తర్వాత శావుకారిది. బావ స్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి వీణ అందుకున్నాడు. కళ్లు మూసుకుని పాడాడు. మా అత్త గొంతులోని జీర వాడి గొంతులో కూడా ఉందని నాకు ఆ రోజే తెలిసింది. పహరా అయిపోయింది. శావుకారి కూర్చున్న చోటు నుంచి లేవలేదు. స్తంభానికి ఆనుకుని, తాళం వేస్తూ, వేరే వైపు చూస్తున్నాడు. బావ పాడుతూనే ఉన్నాడు. మృదంగం వాయించే మనిషి మారాడు. ఎండ గుడి అరుగు దిగి వాకిట్లోకి పోయింది. నాందేడ్ వీధుల్లో ఒక్కొక్కరినీ దాటిన కాళ్లు ఒకదాని మీంచి ఒకదాని మీదికి బరువు మార్చుకోవడం నేను చూశాను. వీణ కింద పెట్టకూడదు, చేయి చాపేవాడు లేడు. నేను లేవబోతే మామ నా ధోవతి అంచు పట్టి లాగాడు. "కూసో అల్లుడా. నువ్వు తీస్కుంటె ఏం ఫాయిదా? వంతున్నోడు రావాలె." శావుకారి కొడుకు తండ్రి పక్కకు పోయి ఏదో అన్నాడు. తండ్రి వాడిని కసిరాడు.

బావ ఒకసారి తూలాడు. వీణను రొమ్ముకు హత్తుకుని నిలదొక్కుకున్నాడు. నామం తప్పలేదు.

శావుకారి లేచాడు. బయటికి పోతున్నాడనుకున్నాం. బిందె దగ్గర కాళ్లు కడుక్కుని, టోపీ తీసి జేబులో పెట్టుకుని, వీణ ముందుకు వచ్చాడు. రెండు చేతులూ చాపి, అందరికీ వినపడేలా అన్నాడు: "నిన్ను నమ్మి గాదు. దేవుని వీణ కింద వడొద్దని."

"మంచిదే కాకా," అన్నాడు బావ. "పై తంతి ఒదులున్నది, చూస్కోండ్రి." వీణ ఇచ్చి, ఆయన కాళ్లకు మొక్కి, అక్కడే కూలబడ్డాడు. శావుకారి గొంతెత్తి నామం అందుకున్నాడు, శ్రుతి కుదరలేదు, ఎవరూ పట్టించుకోలేదు.

నమ్మాడా తర్వాతైనా అంటే, నాకు తెలియదు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. దుకాణంలో క్యాలెండర్ అలాగే వేలాడింది. కానీ ప్రతి ఏకాదశికి ముందు, ఏదో సరుకు పని అని చెప్పి, వాళ్ల నాన్న ఇస్లాపూర్ పూజారి దగ్గరికి పోయి వచ్చేవాడని శావుకారి కొడుకు చాలా ఏళ్లకు నాతో అన్నాడు. ఆ తర్వాత కూడా ప్రతి సప్తాలో వాళ్లిద్దరి పహరాలు పక్కపక్కనే పడేవి, ఎవరూ మార్చమని అడగలేదు. ఇప్పుడు శావుకారీ లేడు, మామా లేడు. మాటతో తీరని లెక్కను ఏటా ఒక మధ్యాహ్నం వీణ చేతులు మారుతూ ఉంటే, ఎప్పుడు అరిగిపోయిందో మాకెవరికీ తెలియకుండా, కాలమే అరగదీసింది.