అవ్వ పళ్ళ సెట్టు, స్కాట్లండ్ టాఫీ

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. మా అవ్వ పళ్ళ సెట్టును కోతి ఎత్తుకుపోలేదు.

మా ఊరివాళ్ళు ఈ వాక్యం చదివితే ఉలిక్కిపడతారు. ఆ కోతి కోసం మా నాయిన కట్టె పట్టుకొని ఊళ్ళో వేపచెట్లన్నీ తిరిగాడు. పక్కింటి మల్లయ్య తాత అయితే, ఒక ముసలి కోతి గోడ మీద కూర్చొని నవ్వుతుంటే చూశాననీ, దాని పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయనీ ఒట్టు పెట్టి చెప్పాడు. ఆ పాపం కోతులది కాదు, నాది. నాదీ, కొంతవరకు స్కాట్లండ్ దేశానిదీ.

మాది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. మావి ఫ్లోరైడ్ నీళ్ళు. వాటిలో పప్పు ఉడకదు, మా నోళ్ళలో పళ్ళు నిలవవు. చిన్నపిల్లల పళ్ళ మీద కూడా గోధుమరంగు చారలు వస్తాయి. ఇంటర్ చదివే వయసులో నేను ఎవరితో మాట్లాడినా చున్నీ నోటికి అడ్డం పెట్టుకొనేదాన్ని. నవ్వు వస్తే గోడవైపు తిరిగేదాన్ని. చెప్పాలనుకున్నవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. మా ఇంట్లో బియ్యం కంటే నా మాటలే ఎక్కువ నిలవ ఉండేవి.

అవ్వ అలా కాదు. బతుకమ్మ ఆటలో ఊరికంతా ఆమెదే మొదటి గొంతు. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే వాడలోని ఆడవాళ్ళంతా అందుకొనేవారు. కానీ పళ్ళన్నీ ఊడిపోయాక అయిదేళ్ళుగా ఆమె పాడలేదు. "పాట ఒస్తలేదు బిడ్డా, గాలొస్తాంది," అనేది. గింజలు చెరుగుతూ తనలో తాను గొణుక్కుంటుంటే విని, ఆ పాటలు కూడా నా పుస్తకంలో ఎక్కించుకొనేదాన్ని. అవ్వకు చదువు రాదు గనుక ఈ దొంగతనం ఆమెకు తెలియదనుకున్నాను.

ఆ ఏడు నాయిన ఆమెను నాలుగుసార్లు బస్సెక్కించి నల్లగొండ దవాఖానకు తీసుకెళ్ళి పళ్ళ సెట్టు కట్టించాడు. పండుగ ఆఖరి రోజైన పెద్ద బతుకమ్మకు ఇంకా పదిరోజులుంది. "ఈసారి మొదటి పాట నాదే," అని అవ్వ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. నేను చేతులు ముడుచుకొని కూర్చుంటే ఈ కథ ఇక్కడే శుభంగా ముగిసేది.

మా ఇంటి వెనక యూసుఫ్ చాచా కిరాణా దుకాణం. పాత పుస్తకాలు చింపి పొట్లాలు కట్టేవాడు. అందరూ పొట్లం విప్పి పుట్నాలు తింటారు, నేను పుట్నాలు పక్కనపెట్టి పొట్లం చదువుతాను. అలా ఒకరోజు నాకు ఒక ఇంగ్లీషు వంట పుస్తకం కాగితం దొరికింది. ఇంట్లోనే స్కాట్లండ్ సంప్రదాయ టాఫీ చేసుకోవడం ఎలాగో అందులో ఉంది. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకొని రెండు రోజులు చదివాను. చక్కెర, వెన్న, డబ్బాలో వచ్చే చిక్కటి తీపి పాలు కలిపి ఉడికించాలి, పళ్ళెంలో పోసి ఆరబెట్టాలి. నోట్లో మెల్లగా కరుగుతుందట. ఎంతసేపు ఉడికించాలన్నది మాత్రం చిరిగిపోయి, ఇంకెవరింటికో జీలకర్రతో వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే అవ్వ అంది: "ఏదన్న గట్టిది కొరకబుద్ధయితాంది. ఆ డాక్టరేమో మెత్తటియే తినుమన్నడు."

గట్టిగా ఉండి మెత్తగా కరిగేది! స్కాట్లండ్ వాళ్ళు మా అవ్వను తలచుకొనే దీన్ని కనిపెట్టారనిపించింది.

అమ్మానాయినలు పత్తి చేనుకు పోయిన రోజు చూసి పొయ్యి వెలిగించాను. చాచా బిడ్డ రజియా, నా ఒక్కగానొక్క స్నేహితురాలు, పాల డబ్బా పట్టుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. నేను చున్నీ తీసి మాట్లాడేది ఆమె ఒక్కదానితోనే.

"రంగు మారింది పద్మా, దించవే."

"గోధుమరంగు రావాలని రాసిండ్రు."

"పచ్చి గోధుమలా, మాడిన గోధుమలా?"

"అది రాయలే."

"అయితె జర నాకి చూడు."

"దేవునికి పెట్టకముందు ఎట్ల నాకుతనే? ఎంగిలైతది."

"పోనీ నేను నాకుత."

"ఎవ్వరు నాకినా ఎంగిలే."

"మరి ఎట్ల తెలుస్తది?"

"దేవుడే చూసుకుంటడు."

మా ఇంట్లో తీపి ఏది చేసినా అంతే. దేవుడి ముందు పెట్టేదాకా వేలు ముంచకూడదు. అరిసెలు చేసీ చేసీ చేయి తిరిగిన అమ్మలకు ఆ నియమం సరిపోతుంది. జన్మలో మొదటిసారి స్కాట్లండ్‌ను వండుతున్న పిల్లకు సరిపోదని నాకు ఎవరూ చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి.

చివరికి రజియాకే ఉపాయం తోచింది. "మా అమ్మి పాకం నీళ్ళల్ల ఏసి చూస్తది. నీళ్ళల్ల ఏస్తె ఎంగిలి గాదు గద?"

గిన్నెడు నీళ్ళలో ఒక బొట్టు వేశాను. అది అడుగుకు పోయి టంగుమని మోగింది.

"మోగింది!" అన్నాను సంబరంగా.

"పాకం మోగుతదా?" అంది రజియా అనుమానంగా.

"స్కాట్లండ్‌ది మోగుతదేమో."

ఇత్తడి పళ్ళెంలో పోశాను. చల్లారాక కత్తి పెడితే కత్తి మొన వంగింది. రోకలితో కొడితే పళ్ళెం సొట్టపోయింది, టాఫీ మాత్రం దయతలచి నాలుగు ముక్కలైంది. మొదటి ముక్క దేవుడి పటం ముందు పెట్టాను. ఆయన నోరు అద్దం వెనక ఉంది గనుక బతికిపోయాడు. రెండో ముక్క ఇంటి పెద్దకు ఇవ్వాలి కదా. అవ్వ దగ్గరికి తీసుకుపోయాను.

"ఏందే గిది, పలుగురాయి లెక్కున్నది?"

"టాఫీ అవ్వా. చప్పరించు, కరుగుతది."

"పండ్లు కట్టిచ్చుకున్నది చప్పరియ్యనీకా?" అంటూ కటుక్కున కొరికింది.

పళ్ళు టాఫీలో ఇరుక్కుపోయాయి. అవ్వ కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చేతులతో టాఫీ పట్టుకొని లాగింది. టాఫీ వచ్చింది. దానితో పాటు పళ్ళ సెట్టు మొత్తం వచ్చింది, గులాబీరంగు చిగుళ్ళతో సహా, ఎంతో ప్రశాంతంగా నవ్వుతూ.

వేడినీళ్ళలో నానబెట్టాం, కరగలేదు. నూనె రాశాం, కదలలేదు. రజియా పరుగెత్తి వాళ్ళ దుకాణంలో బెల్లం కొట్టే సుత్తె తెచ్చింది. మొదటి దెబ్బకు టాఫీకి ఏమీ కాలేదు. రెండో దెబ్బకు కూడా టాఫీకి ఏమీ కాలేదు, పళ్ళ సెట్టు రెండు ముక్కలైంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందు కూడా వేయలేదు, టాఫీ పెట్టాను.

గోడ పక్కన కూలబడి ఏడ్చాను. అయిదేళ్ళ తర్వాత తిరిగి వచ్చిన పాటను నేనే విరగ్గొట్టాను. అవ్వ ఆ రెండు ముక్కలనూ అరచేతిలో పెట్టుకొని చూసింది.

"మీ నాయిన నాలుగుసార్లు బస్సెక్కిండు. తెలిస్తె చెయ్యి చేసుకుంటడు," అంది. "కోతి ఎత్తుకపోయిందను."

"ఏ కోతవ్వా?"

"మనూర్లె కోతులకు కరువా?"

ఆ ముక్కలను, మిగిలిన టాఫీతో సహా, కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టాం. ఒక్క చీమ కూడా ఆ దిక్కుకు రాలేదు. సాయంత్రం నాయిన కట్టె పట్టుకొని చెట్ల వెంట బయలుదేరాడు. ఎంత వెతికినా కోతి దొరకలేదు. కొత్త సెట్టు దీపావళి దాటితే గానీ రాదని దవాఖాన వాళ్ళు చెప్పారు.

పెద్ద బతుకమ్మ రోజు ఊరి నడుమ ఉన్న బొడ్రాయి దగ్గర బతుకమ్మలన్నీ పెట్టి ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. పాట ఎత్తుకొనేవాళ్ళు లేరు. అవ్వ నా మణికట్టు పట్టుకొని ముందుకు లాగింది.

"ఇది పాడుతది."

"నాకు రాదవ్వా," అన్నాను చున్నీలో నుంచి.

"బియ్యం డబ్బ ఎనక పుస్తకంల నా పాటలన్ని ఎవరు రాసిండ్రు, కోతా? సదువు రాకుంటె కండ్లు లేవా నాకు? చున్నీ తియ్యి."

"నా పండ్లు..."

"ఈడ ఎవరియి తెల్లగున్నయే? అందరం ఒక్క బోరింగు నీళ్ళే తాగినం. నోరు తెరువు."

చుట్టూ చూశాను. గోధుమరంగు చారల పళ్ళు, సగం పళ్ళు, అసలు లేని పళ్ళు. ఇన్నేళ్ళుగా నేను ఎవరి నుంచి దాక్కుంటున్నానో అర్థం కాలేదు. మొదటి చరణం వణుకుతూనే వచ్చింది. వాడంతా దాన్ని అందుకొని తిరిగి నా చేతిలో పెట్టినట్టు అయింది. రెండో చరణం నాకు తెలియకుండానే వచ్చింది.

"అచ్చం అవ్వ గొంతే గదనే! కోతి మంచిపనే చేసింది," అందొకామె.

"తెలివిగల్ల కోతి," అంది అవ్వ తలాడిస్తూ.

ఆ రాత్రి నా పుస్తకంలో ఒక ప్రతిజ్ఞ రాసుకున్నాను. 'పొట్లం కాగితాలు నమ్మి పొయ్యి వెలిగించను. మోగే పాకాన్ని మనుషులకు పెట్టను. ఏ దేశపు తీపి చేసినా ముందు నేనే కొరికి చూస్తాను, ఎంగిలి పాపం వస్తే నాకే రానీ, ఊడితే నా పళ్ళే ఊడనీ.' ఇప్పటికీ దానికే కట్టుబడి ఉన్నాను. పాట మాత్రం ఏటేటా నేనే ఎత్తుకుంటున్నాను.

మొన్న వానాకాలంలో అవ్వ పోయింది. చివరి రోజున చుట్టాలంతా మంచం చుట్టూ కూర్చుని ఉన్నారు. నాయిన తల పట్టుకొని ఉన్నాడు. అవ్వ వేలితో నన్ను పిలిచింది. వంగి చెవి పెట్టాను. ఆమె చెప్పింది విని ఆ దుఃఖంలో, అందరి ముందు, నోరు తెరిచి నవ్వేశాను. చున్నీ అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. ఏమన్నదే, ఏమన్నదే అని అందరూ అడిగారు. ఏమీ లేదన్నాను. నా పుస్తకంలో కూడా రాసుకోలేదు. నాయినను ఓరకంట చూస్తూ, గాలి కలిసిన గొంతుతో ఆమె నన్ను అడిగింది:

"ఆ కోతి దొరికిందా, బిడ్డా?"