ఓరుగంటి ఆడపడుచు

మా పుట్టింటివారు ఓరుగంటివారు. రాజుల కాలంలో ఎప్పుడో ఓరుగల్లు విడిచి, కృష్ణ దాటి తెనాలి చేరామని నాన్న చెప్పేవాడు. నాన్నా అమ్మా పోయారు, తోడబుట్టినవాళ్లు లేరు. పెళ్లితో ఇంటిపేరూ మారింది. ఇక నాకు పుట్టిల్లంటూ ఏం మిగిలింది? ఆ ఊరైనా చూపించమని ఏళ్ల తరబడి పోరగా పోరగా, మొన్న మాఘంలో మావారు కదిలారు.

"పద, మీవాళ్లు స్టేషనుకి బండి కట్టుకొస్తారు" అని వేళాకోళం.

అత్తగారికి మాత్రం భయం. రాష్ట్రం గొడవలు చల్లారి ఇన్నేళ్లయినా, "ఆ వైపెందుకే" అంటూనే పులిహోర కట్టిచ్చింది.

తెల్లవారుజామున తెనాలిలో ఎక్కి, బెజవాడలో బండి మారాం. ఖమ్మం దాటాక పొట్లం విప్పితే, మానుకోటలో దిగాల్సిన మిర్చి వ్యాపారికీ ఇంత పెట్టి, మాటల్లో మా పుట్టింటిపేరు చెప్పాను.

"ఓరుగంటోళ్లా? మా దిక్కు గా ఇంటిపేరు నేనైతే ఇనలేదమ్మా" అని, ఆయన మరికాస్త పెట్టించుకున్నాడు. నేను పొట్లం కట్టేశాను. మావారికి హుషారెక్కింది.

మధ్యాహ్నం వరంగల్లులో దిగి, స్టేషను ఎదుటి లాడ్జిలో సామాను పడేసి, రిక్షాలో కోటకు వెళ్లాం. వెళ్లేవాళ్లు మంచినీళ్లు వెంట ఉంచుకోండి, నీడ తక్కువ. కోటలోపల ఊరే ఉంది. చెక్కిన రాళ్ల పక్కనే గడ్డివాములు, గేదెలు. నాది అనిపిస్తుందేమోనని రాతి తోరణం మీద చెయ్యి వేశాను. చుర్రుమంది, అంతే. ఏడుపొచ్చింది.

"ఏమంటున్నారు మీ తాతగారు?" అన్నారాయన. ఆయన కోసం ఆగకుండా వెళ్లి రిక్షా ఎక్కేశాను.

మర్నాడు పొద్దున జంపఖానా కొందామని మట్టెవాడ వైపు మగ్గాల ఇళ్లకు వెళ్లాం. ఒకింట్లో కొడుకు నేస్తుంటే, తల్లి లచ్చవ్వ అమ్ముతోంది. మావారు బేరం మొదలెట్టారు.

"ఏ ఊరు బిడ్డా మీది?" అని నన్నడిగింది లచ్చవ్వ.

"తెనాలండీ."

"ఆంధ్రోళ్లా! గందుకే ఇంతగనం బేరం చేత్తాండ్రు."

ఆయన ఊరుకోక నా పుట్టింటి కథంతా చెప్పి నవ్వారు. లచ్చవ్వ నవ్వలేదు.

"ఊళ్లె ఉన్నోళ్లకు ఊరి పేరెందుకయ్యా? ఇడిసిపోయినోళ్లే గా పేరు పట్టుకపోతరు" అంది. నా చెయ్యి పట్టుకుంది. "ఆడిబిడ్డ ఇంతకాలానికొచ్చింది. ఉత్త ఒడితోని పంపుతమా?"

మేం బేరమాడుతున్న జంపఖానానే పరిచి నన్ను కూర్చోబెట్టింది. బియ్యంలో పసుపు కలిపి, ఎండు కొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ పెట్టి నా కొంగులో దోసిళ్లతో పోసింది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు ఇక్కడ పోసే ఒడిబియ్యం. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడుసుడేంది? మూడేండ్లకు మళ్ల ఒడిబియ్యం పోసుడుంటది, రావాలె" అని కసిరింది. వెంటనే మావారి వైపు తిరిగి, "జంపఖానా పైసలు మాత్రం ఇడిసేది లేదు. గది బేరం, గిది బియ్యం" అంది. ఆమె అడిగినంతా ఆయన ఇచ్చేశారు.

సాయంత్రం బండెక్కాం. వేయిస్తంభాల గుడి చూడకుండానే వచ్చేశాం, దానికి నాకేం బెంగలేదు. డోర్నకల్‌లో ఎక్కిన పెద్దావిడ నా ఒళ్లోని పసుపు బియ్యం మూట చూసి, "పుట్టింటికి పోయొస్తున్నవా అమ్మా?" అంది.

నేను నోరు తెరిచేలోపే మావారు అందుకున్నారు.

"అవునండీ. మా అత్తవారిది వరంగల్లే."